శ్రావణం

పన్ను తీయించుకుని వచ్చాను.
ఎడమ చెంప ఇంకా నాది కాలేదు.
గవర్నరుపేటలో ఆసుపత్రి మెట్లు దిగుతుంటే
దూది కరిచిన నోట్లోంచి ఒక పేరు జారింది:
ఎల్లమందయ్య.

మా అమ్మమ్మకు ముత్తాత.
బెజవాడలో కాలువ లాకుల పక్కన
తాటాకు పందిరి కింద కూర్చునేవాడు.
మంగలికత్తి, ఆకురాయి, ఉప్పునీళ్ళ ముంత,
జానెడు ఇనప శ్రావణం.
ఆషాఢం వెళ్ళాక వచ్చే నెల కాదు,
పంటిని పట్టి ఊడలాగే శ్రావణం.

రోగి తలను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి
"అదుగో, కొండ మీద కోతి!" అనేవాడట.
కోతి కనిపించేలోపు పన్ను
కాలువలో బుడుంగుమనేది.
కొందరికి కోతే కనిపించింది, పన్ను రాలేదు.
ఆ సంగతి మా ఇంట్లో తక్కువ చెప్పుకుంటారు.

నోట్లో వేలు పెట్టనిచ్చిన పెద్దలే
చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు
ఎత్తునుంచి పోసేవారు.
ఇంటికెళ్ళి తలమీదుగా స్నానం చేసేవారు.
నొప్పి ఉన్నంతసేపే చుట్టరికం.

భార్య పేరిందేవి మంత్రసాని.
ఆయన లాగితే ఊళ్ళో ఒకటి తగ్గేది,
ఆమె లాగితే ఒకటి పెరిగేది.
పొద్దుగూకి ఇద్దరూ ఒకే గోళెం దగ్గర
మోచేతుల దాకా కడుక్కునేవారు,
ఏ నెత్తురు ఎవరిదో మాట్లాడుకోకుండా.

ధాత కరువు ఏడు
పంటినొప్పంటూ ఒక్కడూ రాలేదట.
పంట లేని ఏడు పంటితో పనేముంది.
పేరిందేవి చేతుల్లోకి బిడ్డలు వచ్చారు గాని
ఏడుపు రాలేదు.
ఆ మాట ఆమె ఒక్క కూతురికే చెప్పింది,
కూతురు మా అమ్మమ్మకు.

కృష్ణ మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్నప్పుడు
దవడ వాచిన దొర ఒకడు వచ్చాడు.
వాళ్ళ వైద్యుడు బందరులో, పడవలో వెళ్ళాలి.
నేల మీద కూర్చోనన్నాడు,
మోకాళ్ళ మధ్య తల పెట్టనన్నాడు.
బంట్రోతు కుర్చీ మోసుకొచ్చాడు.
పన్ను ఊడింది, దొర వెళ్ళాడు, కుర్చీ మిగిలింది.
అందులో కూర్చునే ధైర్యం ఎవరికీ లేక
పేరిందేవి దాని మీద వడియాలు ఎండబెట్టింది.

పెళ్ళిళ్ళకు ఆయనే సన్నాయి.
యాభై దగ్గరపడగానే ముందుపళ్ళు కదిలాయి.
ఊరందరి పళ్ళూ తెలిసిన మనిషి
తన నోటి సంగతి ఎవరికీ చెప్పలేదు.
మాఘంలో ఒక పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే వేళ,
పీక పెదాల్లో నిలవక
గాలి పక్కకు పోయింది.
పెళ్ళికొడుకు నవ్వాడు.

ఆ రాత్రి కూతుర్ని లేపాడు.
అంకమ్మకు పదమూడేళ్ళు.
వడియాల గుడ్డ తీసి పక్కన పెట్టి
మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాడు.
"నొప్పి నాది, మణికట్టు నీది.
ఏడవకు, పట్టు జారుద్ది."
అంకమ్మ కోతి మాట ఎత్తలేదు.
తండ్రి రొమ్ము మీద మోకాలు పెట్టి లాగింది.
మూడు పళ్ళు.
దీపం పట్టుకున్న పేరిందేవి
"ఇంకొంచెం, ఇంకొంచెం ఓర్చుకో" అంటోందట,
ఎవరితోనో అలవాటుగా.

సన్నాయి దూలానికెక్కింది.
పందిరి కింద అంకమ్మ కూర్చుంది.
మొగవాళ్ళు నవ్వుకుంటూ దాటిపోయారు.
సందెవేళ, తల మీద కొంగు లాక్కుని,
ఆడవాళ్ళు వచ్చారు,
పరాయి మగాడి ముందు నోరు తెరవలేక
ఏళ్ళ తరబడి పంటిబిగువున ఆపుకున్న పళ్ళతో.

"ఏమీ తెలియదమ్మా" అంది ఇవాళ చిన్న డాక్టరమ్మ, సూది గుచ్చి.
నిజమే, ఏమీ తెలియలేదు.
కళ్ళు మాత్రం కిటికీలో కొండను వెతికాయి.
అడ్డంగా ఏదో చీరల కొట్టు హోర్డింగు.

"పన్ను నాకిస్తారా?"
"దేనికండీ?"
చెప్పలేకపోయాను, నాలుక మొద్దుబారింది.
కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఏలూరు కాలువ వంతెన మీద ఆటో ఆగింది.
పర్సు జిప్పు తీసి
పొట్లం వేళ్ళకు తగిలేలోపు
ముందు బస్సు కదిలింది.